ఫ్లూ టీకా – లెక్కలో కనిపించని స్త్రీ

స్త్రీని తెలుగులో 'అబల' అన్నారు. ఉర్దూలో 'సిన్ఫె నాజుక్' అన్నారు. మొదటి మాటకు బలము లేనిదని అర్థం. రెండవ మాటకు సుకుమారమైన జాతి అని అర్థం. మన కళాశాల ఆవరణలో నిత్యం వినిపించే ఈ రెండు భాషలు ఎన్నో విషయాలలో వేరు వేరు దారులు తొక్కినా, ఈ ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయానికి వచ్చినట్లు కనిపిస్తున్నది. అయితే గత రెండు మూడు దశాబ్దాలుగా రోగనిరోధక శాస్త్రం సేకరించిన సాక్ష్యం ఈ ఏకాభిప్రాయాన్ని సమర్థించడం లేదు. ఒకే సీసాలోని టీకామందును, ఒకే మోతాదులో, ఒకే వయస్సు గల స్త్రీకి, పురుషునికి ఇచ్చినప్పుడు, సాధారణంగా స్త్రీ దేహమే ఎక్కువ ప్రతిరక్షకాలను తయారుచేస్తున్నది. ఇన్‌ఫ్లుయెంజా టీకా విషయంలో ఈ సంగతి పలు పరిశోధనలలో తేలినది.

ఇది చదివి విద్యార్థినులు గర్వపడనవసరం లేదు. విద్యార్థులు చిన్నబోనవసరమూ లేదు. ఎక్కువ తక్కువల వాదన పెంచడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నేను చెప్పదలచినది ఒక్కటే. స్త్రీ పురుషుల దేహాలు ఒకే టీకాకు రెండు విధాలుగా స్పందిస్తున్నప్పుడు, ఇద్దరినీ ఒకే రాశిగా పోసి, సగటు తీసి, ఎక్కడా లేని ఆ 'సగటు మనిషి'కి మోతాదు నిర్ణయించడం శాస్త్రానికీ న్యాయం కాదు, సమాజానికీ న్యాయం కాదు. ఈ అభిప్రాయానికి ఆధారాలేమిటో, దానికి ఎదురుగా చెప్పదగిన మాటలేమిటో, మన వంటి చిన్న విద్యాసంస్థ ఈ విషయంలో ఏమి చేయగలదో పాఠకుల ముందుంచుతున్నాను.

ముందుగా వ్యాధిని గురించి నాలుగు మాటలు. ఇన్‌ఫ్లుయెంజా అంటే పడిశమే కదా అని తేలికగా తీసుకునేవారు మనలో ఎక్కువ. పడిశం నాలుగు రోజులు ముక్కు కార్చి పోతుంది. ఇన్‌ఫ్లుయెంజా ఊపిరితిత్తులలోకి దిగగలదు. వృద్ధులను, గర్భిణులను, పసిబిడ్డలను, మధుమేహం, ఉబ్బసం, గుండెజబ్బు కలవారిని ప్రాణాపాయ స్థితికి తేగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 2,90,000 నుండి 6,50,000 మంది ఈ వ్యాధి కలిగించే శ్వాసకోశ బాధలతో మరణిస్తున్నారు. 1918లో ప్రపంచాన్ని చుట్టుముట్టిన ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ఒక్క భారతదేశంలోనే కోటి ఇరవై లక్షల నుండి రెండు కోట్ల మంది వరకు ప్రాణాలు తీసినదని అంచనాలు ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అన్ని దేశాల సైనికులు కలిసి ఎందరు మరణించినారో, అంతకంటె ఎక్కువమంది మనదేశంలో ఈ ఒక్క జ్వరానికి ఆహుతి అయినారంటే దాని భీకరత్వం ఊహించుకోవచ్చును. 2009లో ఇదే జాతికి చెందిన కొత్త వైరస్ పుట్టి మరల ప్రపంచమంతా తిరిగినది. ఆ సంవత్సరం మే నెలలో మనదేశంలోని మొదటి రోగిని గుర్తించినది మన హైదరాబాదులోనే. ఆయన విదేశం నుండి విమానంలో వచ్చిన ప్రయాణికుడు.

ఈ వ్యాధిని కలిగించే వైరస్‌ను మనిషి నుండి మొదటిసారిగా వేరుచేసినవారు లండనులోని విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లైడ్లా అను శాస్త్రజ్ఞులు. అది 1933వ సంవత్సరం. పదేళ్లు తిరగకముందే అమెరికాలో థామస్ ఫ్రాన్సిస్, జోనాస్ సాల్క్ మొదలైనవారు చంపిన వైరస్‌తో టీకాను తయారుచేసినారు. రెండవ ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజులవి. 1943లో ఆ టీకాను పెద్ద ఎత్తున పరీక్షించినది సైనిక శిక్షణ పొందుతున్న యువకుల మీద. 1945లో మొదట అనుమతి లభించినది సైన్యానికి. సామాన్య ప్రజలకు ఆ మరుసటి సంవత్సరం. అంటే ఈ టీకాకు పుట్టుకతోనే కొలబద్దగా నిలిచినవాడు ఆరోగ్యవంతుడైన యువ సైనికుడు. ఆనాటి అవసరం అటువంటిది, దానిని తప్పుపట్టలేము. కాని ఆ కొలబద్ద ఎనభై సంవత్సరాల తరువాత కూడా ప్రశ్నించేవారు లేక నిలిచిపోతే అది శాస్త్రం తప్పు కాక మానదు.

నేడు వాడుకలో ఉన్న సాధారణ ఫ్లూ టీకాలో ఒక్కొక్క రకం వైరస్‌కు 15 మైక్రోగ్రాముల హీమాగ్లుటినిన్ అను మాంసకృత్తు ఉంటుంది. వైరస్ పైపొరపై ముళ్లవలె పొడుచుకొని ఉండే పదార్థమే ఇది. వైరస్ ఏటేటా వేషం మార్చుతుంది గనుక, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుమార్లు, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలోను, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులోను, నిపుణులను సమావేశపరచి టీకాలో ఏ రకాలు ఉండాలో సిఫారసు చేస్తుంది. రకాలు మారుతున్నవి గాని మోతాదు మారడం లేదు. నలభై కిలోల బరువు గల ఇరవయ్యేళ్ల యువతికీ, తొంభై కిలోల బరువు గల అరవయ్యేళ్ల పురుషునికీ అవే 15 మైక్రోగ్రాములు. 65 సంవత్సరాలు దాటిన వృద్ధుల కొరకు మాత్రం నాలుగు రెట్లు, అంటే 60 మైక్రోగ్రాములు గల టీకాకు 2009లో అమెరికాలో అనుమతి ఇచ్చినారు. వయస్సును బట్టి మోతాదు మారవచ్చునని ఒప్పుకున్న శాస్త్రం, స్త్రీ పురుష భేదాన్ని గురించి అడగనైనా అడగకపోవడం ఆలోచించదగిన విషయం.

టీకా పనిచేసినదీ లేనిదీ తెలుసుకొనడానికి ఒక పాత పరీక్ష ఉన్నది. వైరస్‌కు ఎర్ర రక్తకణాలను గుదిగుచ్చినట్లు ఒకచోట పోగుచేసే స్వభావం ఉన్నది. టీకా వేసుకున్న మనిషి రక్తం నుండి తీసిన సీరంలో తగినన్ని ప్రతిరక్షకాలు ఉంటే, అవి వైరస్‌ను పట్టుకొని ఆ పని చేయనీయవు. సీరంను రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు, ఇట్లా పలుచన చేసుకుంటూ పోయి, ఎంతవరకు పలుచన చేసినా అది వైరస్‌ను అదుపుచేయగలుగుతున్నదో చూస్తారు. నలభై ఇంతలు పలుచన చేసినప్పటికీ పనిచేస్తే అది మంచి గుర్తుగా చాలాకాలం నుండి భావిస్తున్నారు. ఈ పరీక్షలో వచ్చిన సంఖ్యలను స్త్రీలకు వేరుగా, పురుషులకు వేరుగా రాసిపెట్టడానికి కొత్త యంత్రం అక్కరలేదు, అదనపు ధనం అక్కరలేదు. కాగితం మీద ఒక నిలువు గీత గీస్తే చాలు. ఆ గీత గీయడానికి మాత్రం చాలా సంవత్సరాలు పట్టినది.

గీత గీసిన ఒక ముఖ్యమైన సందర్భాన్ని ఇక్కడ చెప్పవలసి ఉన్నది. 2004వ సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో ఉన్న ఒక టీకా కర్మాగారం అనుమతి నిలిపివేయబడినది. దానితో అమెరికాకు ఆ చలికాలానికి రావలసిన ఫ్లూ టీకాలో దాదాపు సగం రాకుండా పోయినది. ఉన్న టీకాను సగం మోతాదుగా ఇచ్చి ఎక్కువమందికి సరిపెట్టవచ్చునా అను ప్రశ్న అప్పుడు తలెత్తినది. వాషింగ్టనులోని వాల్టర్ రీడ్ సైనిక వైద్యశాలలో రెనాటా ఎంగ్లర్ అను వైద్యురాలు, ఆమె సహచరులు 18 నుండి 64 సంవత్సరాల వయస్సు గల 1,114 మందిని తీసుకొని, కొందరికి పూర్తి మోతాదు, కొందరికి సగం మోతాదు ఇచ్చి పరీక్షించినారు. ఫలితం 2008లో ప్రచురితమైనది. వయస్సు ఏదైనా, మోతాదు ఏదైనా స్త్రీలలో ప్రతిరక్షకాలు పురుషులలోకంటె ఎక్కువగా ఉన్నవి. అంతకంటె ఆశ్చర్యకరమైన విషయం మరొకటి: సగం మోతాదు పొందిన స్త్రీల స్పందన, పూర్తి మోతాదు పొందిన పురుషుల స్పందనకు ఇంచుమించు సమానంగా ఉన్నది.

దీనికి కారణమేమి? ఒక్క కారణం కాదు, రెండు మూడు కలిసి పనిచేస్తున్నట్లు కనిపిస్తున్నది. మొదటిది హార్మోనుల ప్రభావం. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఫర్మన్, మార్క్ డేవిస్ మొదలైనవారు జరిపిన పరిశోధన 2014లో వెలువడినది. ఫ్లూ టీకా వేసుకున్నవారి రక్తంలో ప్రతిరక్షకాలతోపాటు వందలాది జన్యువుల పనితీరును కూడా వారు పరిశీలించినారు. టెస్టోస్టెరాన్ అను పురుష హార్మోను అధికంగా ఉన్న పురుషులలో టీకా స్పందన అందరికంటె బలహీనంగా ఉన్నది. ఆ హార్మోను తక్కువగా ఉన్న పురుషుల స్పందన దాదాపు స్త్రీల స్పందనవలెనే ఉన్నది. అంటే భేదం 'ఆడ', 'మగ' అను పేర్లలో లేదు. దేహంలో జరిగే రసాయనిక వ్యాపారంలో ఉన్నది. ఈస్ట్రోజెన్ వంటి స్త్రీ హార్మోనులు, మరొకవైపు, ప్రతిరక్షకాలు తయారుచేసే కణాలను ప్రోత్సహిస్తున్నట్లు చాలా పరిశీలనలు తెలుపుతున్నవి.

రెండవ కారణం క్రోమోజోములలో ఉన్నది. స్త్రీకి రెండు ఎక్స్ క్రోమోజోములు, పురుషునికి ఒక ఎక్స్, ఒక వై ఉంటాయని మన జీవశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. స్త్రీ కణంలోని రెండు ఎక్స్‌లలో ఒకటి నిద్రావస్థలోకి పోతుందని మేరీ లయన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞురాలు 1961లో ప్రతిపాదించినారు. అయితే ఆ నిద్ర గాఢనిద్ర కాదు. కొన్ని జన్యువులు మేలుకొనే ఉంటాయి. అట్లా తప్పించుకోగల జన్యువులలో టి.ఎల్.ఆర్. 7 అనునది ఒకటి. కణం లోపలికి వచ్చిన ఒంటిపేట ఆర్.ఎన్.ఎ.ను గుర్తించి అపాయసూచన చేయడం దాని పని. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ జన్యుపదార్థం సరిగ్గా అటువంటి ఆర్.ఎన్.ఎ.యే. గుమ్మం దగ్గర ఒక కావలివాడు ఉన్న ఇంటికీ, ఇద్దరు ఉన్న ఇంటికీ గల తేడా వంటిది ఇది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో సబ్రా క్లైన్ బృందం ఎలుకల మీద జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనలో, టీకా వేసిన ఆడ ఎలుకలకు ఎక్కువ రక్షణ లభించినది. ఆ జన్యువును తొలగించినప్పుడు ప్రతిరక్షకాలలోని ఆడ మగ భేదం తగ్గిపోయినది.

ఇంతవరకు చెప్పినది ఒక ముఖం. నాణేనికి రెండవ ముఖం ఉన్నది. టీకా వేసుకున్న తరువాత చేయి నొప్పి, వాపు, ఎరుపు, ఒళ్లు నొప్పులు, జ్వరం మొదలైన బాధలు కూడా స్త్రీలలోనే ఎక్కువగా నమోదవుతున్నవి. ఇవి సాధారణంగా ఒకటి రెండు రోజులలో తగ్గిపోయేవే. కాని బాధ బాధే. రోజంతా పొయ్యి దగ్గర నిలబడవలసిన గృహిణికి, మరునాడు కూలికి పోవలసిన శ్రామికురాలికి ఒక రోజు జ్వరం చిన్న విషయం కాదు. ఇంకా లోతుకు పోతే, తన దేహాన్నే పరాయిదిగా భ్రమించి రోగనిరోధక శక్తి దాడి చేసే లూపస్, కొన్ని రకాల కీళ్లవాతం మొదలైన వ్యాధులతో బాధపడేవారిలో ప్రతి ఐదుగురిలో ఇంచుమించు నలుగురు స్త్రీలే. కత్తికి పదును ఎక్కువైతే పట్టుకున్న చేతికి కూడా గాయం కావచ్చును. అందువలన 'అబల' అను పాత మాటను తీసివేసి 'సబల' అను కొత్త మాట అతికించి సంతోషపడితే ప్రయోజనం లేదు. తెలియవలసినది భేదం, పొగడ్త కాదు.

ఈ వాదానికి ఎదురుగా చెప్పదగిన మాటలు లేకపోలేదు. వాటిని దాచిపెట్టడం న్యాయం కాదు. మొదటిది: ప్రతిరక్షకాలు ఎక్కువైనంత మాత్రాన రక్షణ అంతే మేరకు ఎక్కువవుతుందని చెప్పలేము. పరీక్షనాళికలోని సంఖ్య వేరు, రోగం రాకుండా ఉండటం వేరు. ఈ మాట నిజం. అయినప్పటికీ కెనడా దేశంలో పలు సంవత్సరాల సమాచారాన్ని పరిశీలించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం, టీకా వలన కలిగిన రక్షణ కూడా స్త్రీలలో కొంత ఎక్కువగా ఉన్నట్లు చూపినది. రెండవది: ఈ భేదాలు సగటులో కనిపించేవి మాత్రమే. ఎందరో పురుషులు ఎందరో స్త్రీలకంటె మెరుగుగా స్పందిస్తారు. వయస్సు, పోషణ, పూర్వం సోకిన ఫ్లూ, పూర్వం వేసుకున్న టీకాలు, ఇవన్నీ ఫలితాన్ని మార్చుతాయి. వయస్సు మీరి హార్మోనులు తగ్గినకొద్దీ స్త్రీ పురుష భేదం కూడా సన్నగిల్లుతున్నట్లు కొన్ని పరిశీలనలు, వృద్ధులలో కూడా కొంత నిలిచినట్లు మరికొన్ని పరిశీలనలు తెలుపుతున్నవి. మూడవది: నొప్పిని చెప్పుకొనడంలో కూడా భేదం ఉన్నది. 'మగవాడికి సూదినొప్పి ఒక లెక్కా' అను లోకం మాటకు జడిసి పురుషులు బాధను దాచుకోవచ్చును. కనుక నమోదైన బాధలన్నీ దేహధర్మమే అనుకొనరాదు.

ఈ మూడు అభ్యంతరాలను నేను అంగీకరిస్తున్నాను. కాని వీటి నుండి 'భేదాన్ని పట్టించుకోనవసరం లేదు' అను నిర్ణయం రాదు; 'ఇంకా జాగ్రత్తగా, వేరు వేరుగా లెక్కించి చూడవలెను' అను నిర్ణయమే వస్తుంది. లెక్కించకపోతే ఏమి జరగగలదో చెప్పడానికి ఫ్లూ టీకాను విడిచి ఒక్కసారి తట్టు టీకా చరిత్ర వైపు చూడవలసి ఉన్నది.

పసిపిల్లలకు తట్టు రాకుండా ఇంకా చిన్న వయస్సులోనే రక్షణ కల్పించాలను సదుద్దేశంతో, ఎక్కువ తీవ్రత గల ఒక తట్టు టీకాను ఆరు నెలల పిల్లలకు ఇవ్వవచ్చునని, తట్టు మరణాలు అధికంగా ఉన్న దేశాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో సిఫారసు చేసినది. తట్టును అది నివారించినది కూడా. కాని సెనెగల్, గినీ-బిస్సావు, హైతీ దేశాలలో పిల్లలను సంవత్సరాల తరబడి గమనించిన పరిశోధకులకు ఒక ఘోరమైన సంగతి కనిపించినది. ఆ టీకా పొందిన ఆడపిల్లలు, సాధారణ తట్టు టీకా పొందిన ఆడపిల్లలకంటె ఎక్కువ సంఖ్యలో, తట్టుతో కాదు, ఇతర కారణాలతో మరణిస్తున్నారు. మగపిల్లలలో అటువంటి పెరుగుదల కనిపించలేదు. 1992లో ఆ టీకాను ఉపసంహరించినారు. ఆడపిల్లల లెక్కను, మగపిల్లల లెక్కను విడదీసి చూసినవారు లేకపోతే ఆ సంగతి ఎప్పటికి బయటపడేదో! సగటు అను తెర వెనుక ఆడపిల్లల మరణాలు కప్పబడి ఉండేవి. ఇటువంటి అపాయం ఫ్లూ టీకాలో ఉన్నదని నేను అనడం లేదు. ఎనభై ఏళ్ల అనుభవం గల టీకా అది. లెక్క విడదీయడం పండితుల వినోదం కాదు, ప్రాణాలకు సంబంధించిన బాధ్యత అని మాత్రమే ఈ ఉదాహరణ చెప్తున్నది.

స్త్రీలను లెక్కలో చేర్చకపోవడం వైద్యశాస్త్రంలో పాత అలవాటు. 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, బిడ్డలను కనగల వయస్సులోని స్త్రీలను కొత్త మందుల తొలి పరీక్షలలో చేర్చరాదని మార్గదర్శక సూత్రాలు వెలువరించినది. గర్భస్థ శిశువుకు హాని జరుగుతుందేమోనను భయమే దానికి కారణం. భయం సహేతుకమైనదే, ఫలితం మాత్రం విపరీతమైనది. మందులు పరీక్షించినది ఎక్కువగా పురుషుల మీద, మింగవలసి వచ్చినది ఇద్దరూ. ఆ నిషేధాన్ని 1993లో తొలగించినారు. అదే సంవత్సరం ప్రభుత్వ ధనంతో జరిగే వైద్య పరిశోధనలలో స్త్రీలను చేర్చాలని అమెరికా చట్టం చేసినది. ప్రయోగశాలలోని జంతువుల విషయంలో కూడా ఆడ, మగ అను అంశాన్ని పరిగణించాలను నియమం అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలలో 2016లో గాని అమలులోకి రాలేదు. అంతవరకు ఎలుకలలో కూడా మగ ఎలుకకే అగ్రతాంబూలం!

విచిత్రమేమంటే టీకా చరిత్రలో స్త్రీ ఎన్నడూ వెనుక లేదు. మశూచికి ముందుగా చేసే అంటువేత పద్ధతిని తుర్కీ దేశంలో వృద్ధస్త్రీలు నిర్వహిస్తుండగా చూసి, 1717లో లేఖ రాసి, తన బిడ్డలకు కూడా చేయించి ఇంగ్లండుకు పరిచయం చేసినది లేడీ మేరీ వర్ట్లీ మాంటేగు అను మహిళ. జెన్నర్ మహాశయుడు 1796లో కనిపెట్టిన మశూచి టీకా మనదేశంలో మొదటిసారిగా సఫలమైనది 1802 జూన్ 14న బొంబాయిలో, మూడు సంవత్సరాల ఒక బాలిక చేతిమీద. చేయి చాపినది స్త్రీ; లెక్క రాసుకున్నప్పుడు కనిపించకుండా పోయినదీ స్త్రీయే.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. స్త్రీకి సగం మోతాదు చాలునని తెలిసినప్పుడు సగమే ఇచ్చి మిగిలినది మరొకరికి ఇవ్వరాదా అని కొందరు అడుగవచ్చును. టీకా కొరత ఏర్పడిన మహమ్మారి కాలంలో ఆరోగ్యవంతులైన యువతుల విషయంలో ఇది ఆలోచించదగిన మాటే. కాని నేటి సాక్ష్యంతో దానిని సాధారణ నియమంగా చేయడాన్ని నేను అంగీకరించను. దానికి శాస్త్రీయమైన కారణం ఒకటి, సామాజికమైన కారణం ఒకటి ఉన్నవి.

శాస్త్రీయ కారణం ఇది. సగం మోతాదుతో ప్రతిరక్షకాలు సరిపోయినవని తేలినది గాని, రోగం, మరణం అంతే మేరకు తగ్గినవా అన్నది అంత స్పష్టంగా తేలలేదు. పైగా గర్భిణి విషయం వేరు. 2009 మహమ్మారిలో అమెరికా జనాభాలో గర్భిణులు సుమారు నూటికి ఒకరైతే, మరణించినవారిలో నూటికి ఐదుగురు గర్భిణులు. ఫ్లూ టీకా ఇచ్చే దేశాలు గర్భిణులకు అత్యంత ప్రాధాన్యం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూచించినది ఇందువలననే. తల్లికి వేసిన టీకా వలన పుట్టిన ప్రతిరక్షకాలు మాయ ద్వారా బిడ్డకు చేరి, టీకా వేయరాని తొలి ఆరు నెలలలో ఆ శిశువును కాపాడుతాయి. అక్కడ సగం అంటే ఇద్దరి వాటాలోనూ సగం అని అర్థం.

సామాజిక కారణం మన ఇళ్లలోనే ఉన్నది. 'నీకు సగం చాలు' అను మాట మన స్త్రీకి కొత్త కాదు. అందరూ తిన్న తరువాత మిగిలినది ఆమె వాటా. అందరి మందులు కొన్న తరువాత మిగిలిన డబ్బు ఆమె వైద్యానికి. 1918 సంగతి ఇక్కడ మరల గుర్తుచేయవలసి ఉన్నది. ఆనాటి జనన మరణ లెక్కలను పరిశీలించిన చరిత్రకారులు, అమెరికా వంటి దేశాలలో పురుషులు ఎక్కువగా మరణించగా, మనదేశంలో స్త్రీలు ఎక్కువగా మరణించినట్లు చూపినారు. చాలని తిండి, జబ్బుపడినవారికి పరిచర్య చేస్తూ తామూ జబ్బుపడటం దీనికి కారణాలుగా ఆనాడే పేర్కొన్నారు. పుట్టుకతో ప్రకృతి ఇచ్చిన రక్షణను పస్తు, చాకిరీ కలిసి ఏ విధంగా హరించగలవో చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు. అటువంటి సమాజంలో శాస్త్రజ్ఞుడు 'సగం మోతాదు' అని మెల్లగా పలికితే, అది ఇల్లు చేరేసరికి 'ఆమెకు అక్కరలేదు' అని వినిపించే ప్రమాదం ఉన్నది. మనదేశపు సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఫ్లూ టీకా చేర్చబడలేదు, ఎక్కువమంది కొనుక్కొనవలసినదే. కొనుక్కొనవలసిన వస్తువు ఇంటిలో ఎవరి వంతుకు చివరగా వస్తుందో పాఠకులకు వివరించనక్కరలేదు.

కనుక నా అభిప్రాయంలో జరగవలసిన పనులు మూడు. టీకా పరీక్షల ఫలితాలను, బాధలను, రక్షణను స్త్రీలకు వేరుగా, పురుషులకు వేరుగా, వయస్సును బట్టి కూడా విడదీసి ప్రకటించడం విధిగా చేయవలెను. టీకా తక్కువగా పనిచేసేవారికి, ముఖ్యంగా వృద్ధ పురుషులకు, ఎక్కువ మోతాదు మేలు చేస్తుందేమో అన్వేషించవలెను. ఈ భేదాన్ని తెలుసుకొనడం వలన పురుషులకు కలిగే లాభం తక్కువేమీ కాదు. స్త్రీలకు టీకా వేసినప్పుడు మరునాడు కలగగల నొప్పి, జ్వరాన్ని గురించి ముందే చెప్పి, ఆ ఒక్క రోజు విశ్రాంతి వారి హక్కు అని ఇంటివారికి తెలియజేయవలెను. చెప్పకుండా వేసిన టీకా అపోహలకు విత్తనం. చెప్పి వేసిన టీకా నమ్మకానికి పునాది.

ఇవన్నీ ప్రభుత్వాలు, పెద్ద సంస్థలు చేయవలసిన పనులు కదా, మన కళాశాలకు ఏమి సంబంధమని అనుకొనరాదు. కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. కళాశాలలో ఆరోగ్య శిబిరాలు జరిగినప్పుడు రిజిస్టరులో పేరు, వయస్సు రాసి ఊరుకొనక, స్త్రీ పురుషుల వివరాలను వేరు వేరు పట్టికలుగా రాయించి, శిబిరం తరువాత వారం రోజులకు ఎవరికి ఏ బాధ కలిగినదో అడిగి నమోదు చేయించవలెను. ఇన్‌ఫ్లుయెంజా మనదేశంలో వానాకాలంలోను, చలికాలంలోను ఎక్కువగా విజృంభిస్తుంది గనుక, వానలకు ముందే ఒకరోజు వైద్యుని పిలిపించి, అధ్యాపక, అధ్యాపకేతర సిబ్బందిలోని వృద్ధులకు, దీర్ఘరోగులకు, గర్భిణులకు టీకా గురించి సలహా ఇప్పించవలెను. ఆ విషయాలను ఒక చిన్న కరపత్రంగా ఒకవైపు ఉర్దూలో, మరొకవైపు తెలుగులో అచ్చువేసి విద్యార్థుల ద్వారా ఇంటింటికి పంపవలెను. 'టీకా' అను మాట మన రెండు భాషలకు ఉమ్మడి. ఉమ్మడిగా ఉన్న మాటను ఉమ్మడిగా వివరించడం మన వంటి కళాశాలకు తగిన పని.

విద్యార్థులకు, ముఖ్యంగా జీవశాస్త్రం, గణితం చదువుతున్న విద్యార్థినులకు ఒక మాట. వాల్టర్ రీడ్ వైద్యశాలలో సగం మోతాదు ప్రశ్న వేసినది ఒక స్త్రీ. ఎక్స్ క్రోమోజోము నిద్రను కనిపెట్టినది ఒక స్త్రీ. ఆడ ఎలుకను ప్రయోగశాలలో సమానంగా కూర్చుండబెట్టినవారిలో ముందున్నదీ ఒక స్త్రీయే. ప్రశ్న వేయడానికి ఎవరు వస్తారో, జవాబు వారికి దొరుకుతుంది. మీలో ఒక్కరైనా రేపు రోగనిరోధక శాస్త్రం వైపు పోయి, మన ఎండలలో, మన వానలలో, మన భోజనం తిని పెరిగిన స్త్రీ పురుషుల దేహాలు టీకాకు ఎట్లా స్పందిస్తున్నవో విడదీసి లెక్కించగలిగితే, ఈ పత్రికలో ఈ నాలుగు పుటలు అచ్చువేసిన శ్రమ ఫలించినట్లే.

'అబల' అనవద్దు, 'సబల' అనీ అనవద్దు. ఆమెను లెక్కించండి. లెక్కలోకి రానివారికి న్యాయం జరిగినట్లు చరిత్రలో ఎక్కడా కనిపించదు.